ఊపిరి గొట్టాలు

ఇనుము తుప్పు పడితే ఎర్రగా కనబడుతుంది. కొయ్యకు చెద పడితే మట్టిగీత కనబడుతుంది. మనిషికి వయసు మళ్ళితే అద్దం చెబుతుంది. అద్దం మొహమాటపడితే ఇల్లాలు చెబుతుంది. ఒక్క రబ్బరుకే ఈ మర్యాద లేదు. పైకి నల్లగా, నున్నగా, నిన్ననే కొట్లోంచి తెచ్చినట్టు వుంటుంది. లోపల బీటలు వారి పొడి పొడిగా రాలుతూ వుంటుంది. ఈ సంగతి నేను బేస్తవారిపేటలో ఓ చింతచెట్టు కింద నేర్చుకున్నాను.

మాకో అంబాసిడరు కారుంది. 1978లో తయారైన మార్కు 3, పెట్రోలు బండి, 1489 సి.సి. ఇంజను. బెంగాలులోని ఉత్తరపారాలో 1958 మొదలు 2014 దాకా పుట్టిన పెద్ద సంతానంలో ఇది నడిమిది. మా నాన్నగారు దాన్ని కొన్న రోజుల్లో మా వీధిలో ఎవరికి నొప్పులు వచ్చినా అర్ధరాత్రి మా తలుపే తట్టేవారు. మార్కాపురం చేరేలోగా ఆ వెనకసీట్లోనే భూమ్మీద పడ్డవాడొకడున్నాడు. వాడి కొడుకు ఇప్పుడు నా క్లాసులో సంధులు వింటున్నాడు. వింటున్నట్టు కనబడుతున్నాడు, అంతే.

నాన్నగారు పోయాక బండి ఎక్కువగా షెడ్డులోనే వుంటోంది. ఆ మధ్య మా అమ్మకు మహానంది వెళ్ళాలని పుట్టింది. వెళ్తే మీ నాన్న బండిలోనే వెళ్తానంది. షెడ్డు తలుపు తీస్తే గుప్పుమని పెట్రోలు వాసన. "ఏమండీ, ఈ వాసనతో పిల్లను ఎక్కించమంటారా? నేను ఎక్కించను" అంది మా ఆవిడ. ఇద్దరూ న్యాయమే మాట్లాడుతున్నారు. ఇద్దరు న్యాయంగా మాట్లాడే ఆడవాళ్ళ మధ్య నిలబడ్డవాడి అవస్థ పాఠకులకు నేను వర్ణించనక్కర్లేదు.

మా వూరి మేస్త్రి నాన్నగారి కాలంనుంచీ ఈ బండి నాడి తెలిసినవాడు. బానెట్టు ఎత్తి, పంపు నుంచి కార్బురేటరుకు పోయే గొట్టాన్ని రెండు వేళ్ళతో వంచి చూపించాడు. వంపు దగ్గర సన్నని గీతలు, ముసలివాళ్ళ కంటి కొసల ముడతల్లాగా. వేలికి తడి తగిలింది.

"సారూ, ఇయ్యి మారిస్తే గానీ ఘాటు ఎక్కించబాకండి" అన్నాడు.

గిద్దలూరు దాటి దిగువమెట్ట మీదుగా నంద్యాల పోయే దారంతా నల్లమల అడవి. ఎండాకాలం ఆకు గలగలలాడుతూ వుంటుంది. అక్కడ కారు తగలబడితే మన కారొక్కటే తగలబడదు. పైగా ఈ ఇంజనులో కార్బురేటరూ, పొగ బయటికి పోయే గొట్టమూ ఒకే పక్కన వుంటాయి. పైన కారిన చుక్క కింద నిప్పులాంటి ఇనుము మీద పడుతుంది. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు గనక పైకెగిరి పోదు. నేలబారున పాకుతూ పోయి నిప్పును తానే వెతుక్కుంటుంది.

ఇలాంటి భయం మనకొక్కరికే కాదు. జర్మనీవాళ్ళు 1950లో మొదలుపెట్టిన వోక్స్‌వాగన్ వ్యాను వుంది చూడండి, లోపలే పడకా, పొయ్యీ అమర్చుకుని దేశాలు తిరిగేవారు. 1960లలోనూ 70లలోనూ దాన్ని యూరపు నుంచి మన దేశం దాకా తోలుకొచ్చిన కుర్రకారు ఎందరో వున్నారు. దాని ఇంజను వెనక వుంటుంది. గొట్టం పగిలి కారితే ముందు కూర్చుని తోలేవాడికి అద్దంలో పొగ కనబడేదాకా తెలియదు. ఇప్పటికీ ఆ వ్యాను కొన్నవాడు మొట్టమొదట మార్చేవి రంగులూ పరుపులూ కావు, ఈ గొట్టాలే.

మరి ఇన్నేళ్ళు నిక్షేపంగా వున్న గొట్టాలు ఇప్పుడే ఎందుకు చీకిపోవాలి? వయసూ, ఎండా వున్నాయనుకోండి. వాటికి తోడు ఇంధనమే మారింది. మన దేశంలో పెట్రోలులో చెరకుతోనూ ధాన్యంతోనూ చేసిన ఇథనాలు కలుపుతున్నారు. 2022లో ఆ పాలు నూటికి 10కి చేరింది, 2025కు 20 అయింది. పాతకాలపు రబ్బరుకు ఈ సారాయి పడదు. తాగినంతసేపూ ఉబ్బుతుంది; బండి నెలల తరబడి నిలబడితే ఎండి బిరుసెక్కి బీటలు వారుతుంది. అది చాలక ఇథనాలు గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. రోజూ తిరిగే బండికంటె షెడ్డులో విశ్రాంతి తీసుకునే బండికే చేటెక్కువ.

పెట్రోలు గొట్టాల సంగతి ఇదీ. వాటికంటె నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి రెండో రకం గొట్టాలు. వాటిని ఇంగ్లీషులో బ్రీదరంటారు. పారిభాషిక పదాలు కల్పించే పండితుడెవరైనా దొరికితే 'ఉచ్ఛ్వాసనాళిక' అని నామకరణం చేసి చేతులు దులుపుకునేవాడు. మా మేస్త్రి 'ఊపిరి గొట్టం' అన్నాడు. ఎం.ఏ. చదివిన నేను నోరు మూసుకున్నాను.

ఇంజనులో పిస్టన్ల సందుల్లోంచి కొంత పొగ కిందికి జారి నూనె వుండే చోట చేరుతుంది. దాన్ని పైమూత నుంచి గాలి వడపోత దగ్గరకు తీసుకుపోయేది ఒక గొట్టం. అది చీకి మూసుకుపోతే లోపలి ఒత్తిడి ఊరుకోక నూనెను సందుసందునా బయటికి నెడుతుంది. రెండోది వెనక పెట్రోలు ట్యాంకుది. నూనె డబ్బాకు ఒకటే చిల్లు పొడిచి వంచితే గుటగుటలాడి ఆగిపోతుంది. రెండో చిల్లు పొడిస్తే ధారగా వస్తుంది. కొబ్బరిబోండానికీ అంతే. ట్యాంకులోంచి పెట్రోలు బయటికి పోవాలంటే ఆ జాగాలోకి గాలి రావాలి. కిందటేడు కంభం దాటాక మా బండి మాటిమాటికీ ఆగిపోయేది. ట్యాంకు మూత తిప్పితే బుస్సుమనేది, ఆ తరవాత మళ్ళీ నడిచేది. ఊపిరాడక ఆగేదన్నమాట.

సరే, గొట్టాలు తెప్పించాలి. చేతిలో వున్న ప్లాస్టిక్కు గొట్టమో, పొయ్యికి వాడే గొట్టం ముక్కో తొడిగేసే మెకానిక్కులున్నారు. ఆ ముక్క గ్యాసుకు పనికొస్తుంది గాని పెట్రోలుకు కాదు. అన్నట్టు, వంటింటి గ్యాసు గొట్టం అయిదేళ్ళకోసారి మార్చమని గుర్తుచేసేవాళ్ళున్నారు. కారు గొట్టాన్ని గురించి అడిగే నాథుడు లేడు. నేను చెన్నపట్నం నుంచి ఇథనాలుకు తట్టుకునే రకం తెప్పించాను. దాని ఒంటిమీద ఎస్.ఏ.ఇ. జె30 ఆర్9 అని అచ్చు వేసి వుంది. మామూలుదానికి ఐదారింతల ధర. కారు పైపు పాతకాలపు అంగుళాల కొలత, 16లో 5 పాళ్ళు, అంటే 7.94 మిల్లీమీటర్లు, కొత్త గొట్టం 8 మిల్లీమీటర్లు. ఇంగ్లీషు కొలతా ఫ్రెంచి కొలతా ఇంత సామరస్యంగా కలవడం నేనెక్కడా చూడలేదు.

పొద్దున్నే చల్లటివేళ పని మొదలుపెట్టాం. బ్యాటరీ తీగ విప్పాడు. ట్యాంకు ఖాళీ చేసి డబ్బాను దూరంగా పెట్టాడు. ఇసక బకెట్లు రెండు. చెవిమీది బీడీ తీసి మా అమ్మ చేతికిచ్చి, "పనయ్యేదాకా నీ కాడ పెట్టు పెద్దమ్మా" అన్నాడు. పాత గొట్టాలు పీకలేదు. ఇత్తడి ముక్కులు వంగిపోతాయని బ్లేడుతో నిలువునా కోశాడు. పైన అల్లిక గుడ్డ భేషుగ్గా వుంది. లోపల గొంతు సగం పూడిపోయి, వేలు పెడితే కాటుకలాగా నుసి. అది కార్బురేటరుకు పోతుండగా బండి నడవడమే వింత. క్లిప్పులు కూడా మార్చాడు. పాతవి బిగిస్తే కొత్త గొట్టం చర్మం కోసుకుపోతుందట. పంపులో ఆడే పొర కూడా ఆ జాతిదే గనక దాన్నీ వదలలేదు.

ఇంజను అరగంట తిరగనిచ్చి ప్రతి కీలు కిందా తెల్లకాగితం పెట్టి చూశాడు. మరక లేదు. మా ఆవిడ వచ్చి బానెట్టు మీద వంగి వాసన చూసి, మాట్లాడకుండా పిల్లకు జడ వేయడానికి లోపలికి పోయింది. అనుమతి దొరికిందన్నమాట.

మా అమ్మ మాత్రం వెనకసీట్లో కూర్చుని కాసేపటికి, "ఒరే, ఇది మీ నాన్న బండిలాగా లేదురా" అంది.

"ఏమైందే?"

"వాసన ఏదీ?"

నలభై ఏళ్ళుగా ఆయన చొక్కాలకు వున్న వాసన అది. దానికి మేస్త్రి దగ్గరా జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఆవిడ కొంగుముడి విప్పి బీడీ అతనికిచ్చేసి, ఇక పోనివ్వమంది.

గాజులపల్లె దగ్గర ఘాటు దిగాక చెట్టుకింద ఆపి బానెట్టు ఎత్తి చూశాను. అన్నీ పొడిగా వున్నాయి. ట్యాంకు మూత తిప్పితే బుసలేదు. మేస్త్రి తెల్లరంగుతో గొట్టం మీద నెలా సంవత్సరమూ వేసి పక్కన సున్నా చుట్టాడు. ఆ సున్నా ఏమిటని అడగడం మరిచాను. ఈ బేస్తవారం అటు వెళ్ళినప్పుడు అడగాలి.