చల్లబరిచే చమురు

పిల్లలూ, మీరు సికిందరాబాదు స్టేషనులో రైలు దిగారనుకోండి. 1874లో మొదలైన స్టేషను ఇది. ఎన్నో ఏళ్ళు ఇక్కడికి బొగ్గుతో నడిచే ఆవిరి ఇంజన్లే వచ్చేవి, తాతగారినడిగితే చెబుతారు. అంత మంటకూ ఇంజనులోని పొయ్యి ఎందుకు కరిగిపోయేది కాదో తెలుసా? దాని చుట్టూ నీళ్ళుండేవి. ఖాళీ గిన్నె పొయ్యి మీద మాడుతుంది గాని, ఎసరున్న గిన్నె మాడదు కదా! ఆ నీళ్ళే పొయ్యి వేడిని లాక్కునేవి, ఆవిరై బండినీ లాగేవి.

ఈ సంగతి గుర్తుంచుకుని నాతో రండి. హుస్సేన్‌సాగర్ కట్ట మీదుగా, మూసీనది దాటి, నగరానికి ఆగ్నేయంగా పోతే కంచన్‌బాగ్ వస్తుంది. అక్కడ డి.ఆర్.డి.ఎల్. అనే రక్షణ పరిశోధనశాల ఉంది. క్షిపణుల మీద పరిశోధన జరిగే చోటు గనక మనల్ని లోపలికి రానివ్వరు. గేటు బయట నిలబడే మాట్లాడుకుందాం.

ఇక్కడి శాస్త్రజ్ఞులు స్క్రామ్‌జెట్ అనే ఇంజను మీద ఏళ్ళ తరబడి పనిచేస్తున్నారు. అది శబ్దవేగానికి ఆరు రెట్లు, అంటే సెకనుకు దాదాపు 2 కిలోమీటర్లు పోయే వాహనం కోసం. సికిందరాబాదు నుంచి కాజీపేట సుమారు 130 కిలోమీటర్లు. ఆ వేగాన నిమిషం దాటిన కొద్ది సెకన్లకే చేరిపోవచ్చు!

కాని లోపలి మంట 2,000 డిగ్రీలు దాటుతుంది. ఉక్కు 1,500 దగ్గరే కరుగుతుంది. మోటారుసైకిలు ఇంజనులాగా బయటి గాలితో చల్లార్చవచ్చు కదా అంటారా? అంత వేగంలో ఎదురొచ్చి అణిగిన గాలే ఇంచుమించు 1,500 డిగ్రీలకు కాగుతుంది. పోనీ నీళ్ళు మోసుకుపోదామంటే బరువు.

ఇక మిగిలింది ట్యాంకులోని ఇంధనమే. అది కిరసనాయిలుకు దగ్గర చుట్టం. మండబోయే చమురుతోనే చల్లార్చడం! ఇంజను గోడల్లో సన్నని కాలువలుంటాయి. ఇంధనం ముందు వాటిలో పారి, ఆ తర్వాతే మంటలోకి పోతుంది. కాలువల్లో గాలి ఉండదు గనక అక్కడ అంటుకోదు.

అసలు చమత్కారం ఇంకా ఉంది. ఈ ఇంధనం అణువులు పొడుగాటి గొలుసుల వంటివి. బాగా కాగాక అవి తెగి చిన్న ముక్కలవుతాయి. గొలుసు తెగాలంటే శక్తి కావాలి. ఆ శక్తిని గోడల వేడి నుంచే తీసుకుంటాయి. అందుచేత ఊరికే కాగే ద్రవం కన్నా ఈ ఇంధనం ఎంతో ఎక్కువ వేడి లాగుతుంది. పైగా చిన్న ముక్కలు చప్పున అంటుకుంటాయి. అది చాలా అవసరం, ఎందుకంటే ఇంజనులో గాలి సెకనుకు కిలోమీటరున్నర వేగంతో పోతూంటుంది. గాలిలో దీపం అంటే ఇదే!

చిక్కు కూడా ఒకటుంది. ఇంధనం మరీ కాగితే మసి కట్టి కాలువలు పూడుకుపోతాయి. ప్రవాహం ఆగిన చోట గోడ కరుగుతుంది. అందుకే ఇంజను ఎంతసేపు మండిందనేదే ఇక్కడ పెద్ద ప్రశ్న. 2020 సెప్టెంబరు 7న ఒడిశా తీరం నుంచి ఎగిరిన ప్రయోగ వాహనం 20 సెకన్లకు పైగా ఈ ఇంజనుతో ప్రయాణించింది. 2025 జనవరిలో, గోడలను ఇలా చల్లార్చుతూ, నేలమీద 120 సెకన్లు మండించారు. అదే ఏడు ఏప్రిల్ 25న 1,000 సెకన్లు దాటింది. ఎసరు పెట్టి అన్నం వార్చేటంత సేపన్నమాట! అది చిన్న నమూనా. పూర్తి పరిమాణం గలదాన్ని 2026 జనవరి 9న 12 నిమిషాలకు పైగా మండించారు.

ఈ మూడూ నేలమీద బిగించి చేసిన పరీక్షలు. ఆకాశంలోనైతే ఎత్తు, గాలి, వేగం క్షణక్షణం మారుతూంటాయి. వాటితోపాటే కాలువల్లో ఎంత ఇంధనం పారాలో కూడా మారుతూంటుంది.