ఊరు విడిచిన ఊరు

ఇరువది సంవత్సరములుగా సముద్రమును గూర్చి పాఠము చెప్పుచున్నాను. ఆటుపోటులు, ఓడరేవులు, ఇసుకతిన్నెలు అన్నియు నల్లబల్లమీద గీచి చూపినవాడనే కాని, ఆ సముద్రము ప్రక్కన రెండు రాత్రులైనను గడపియుండలేదని చెప్పుటకు సిగ్గగుచున్నది. క్రిందటి డిసెంబరు సెలవులలో ఆ లోటు తీరినది. అయితే నేను చీరాల పోయినది సముద్రమును చూచుటకు కాదు, ఉద్యోగమును చూచుటకు.

శిక్షణ కళాశాలలో నాతో చదివిన మిత్రు డొకడు చీరాలవాస్తవ్యుడు. తమ పట్టణమున ఒక పాఠశాలలో ఉపాధ్యాయుని స్థానము ఖాళీ యగుచున్నదనియు, ముందుగా ఊరు చూచి పిమ్మట నిశ్చయించుకొమ్మనియు వ్రాసెను. ఆ ఉత్తరము నాకు తీయగా నుండెను. పొదిలిలో నీరు ఎంత కరవో, దొరకిన నీరు ఎట్టిదో మన విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. వందల అడుగుల లోతునుండి వచ్చు ఫ్లోరైడు నీరు త్రాగి, పిల్లల పండ్లపై గోధుమవన్నె చారలు పడుట దినమును చూచుచున్నాము. సంక్రాంతి దాటిన పిమ్మట తల్లిదండ్రులు మిరపకాయల కోతకు గుంటూరు సీమకును, కట్టుబడి పనులకు హైదరాబాదునకును, బెంగుళూరునకును పోవుదురు. వారితో పిల్లలును పోవుదురు. అప్పుడు తరగతిలో ఖాళీ బల్లలకు పాఠము చెప్పుచున్నట్లుండును.

ఒంగోలువరకు బస్సులోను, అచ్చటనుండి రైలులోను ప్రయాణము. 1970లో కొత్తజిల్లా ఏర్పడినప్పుడు పొదిలి నెల్లూరునుండియు, చీరాల గుంటూరునుండియు వచ్చి ఒక ఇంటివారైనవి. 2022లో చీరాల బాపట్ల జిల్లాలో చేరి వేరు కాపుర మేర్పరచుకొన్నది. అందుచేత నేను పోవుచున్నది పరదేశమునకు కాదు, పాలు పంచుకొనిన జ్ఞాతి ఇంటికే యని తలంచితిని. కాని ఆ జ్ఞాతి చాల విచిత్రమైనవాడు.

సముద్రతీర పట్టణమను పేరేకాని, చీరాల సముద్రమువంక చూడదు. అది ఆరేడు కిలోమీటర్ల దూరమున వాడరేవువద్ద ఉన్నది. పట్టణస్థుల చూపంతయు బట్టమీదనే. బట్టల అంగళ్ళ వీథిలో మనిషిని చూచి కుశలమడుగుటకంటె ముందు అతడు తొడిగిన చొక్కాగుడ్డను వ్రేళ్ళతో నలిపి చూచుదురు. నా చొక్కాను అట్లు ముగ్గురు పరీక్షించిరి; ఒకరును మెచ్చలేదు. పూర్వము ఇచ్చట నూలును నూనెలోను, ఆముదపుకాయల బూడిదనీటిలోను నానబెట్టి నేసిన తేలియా రుమాళ్ళు అరబ్బుదేశములకును, ఆఫ్రికాకును ఎగుమతి యగుచుండెడివి. నేసినవాడు వాడరేవు దాటి యెరుగడు. అతడు నేసిన గుడ్డ సముద్రములు దాటినది.

రెండవ వింత నీరు. మిత్రుడు నన్ను ఊరివెలుపలి ఇసుకనేలకు తీసికొనిపోయి ఒక దొరువును చూపెను. దొరువనగా ఇసుకలో త్రవ్విన గుంట. దానికి రాతికట్టు లేదు, చక్రము లేదు. కొలది అడుగుల లోతుననే నీరు నిలిచియున్నది. రైతు కుండలు ముంచి పూలమళ్ళకు పోయుచుండెను. దోసిలిపట్టి త్రాగితిని. ఉప్పన లేదు; తియ్యని నీరు! వానచినుకు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటిపై తేలి నిలుచుననియు, అత్యాశతో లోతుగా తోడినచో క్రింది ఉప్పు పైకి వచ్చుననియు మిత్రుడు వివరించెను. ఇది నేను పుస్తకమున చదివినదే. అయినను ఆ దోసిలి నీటియెదుట నాకు అసూయ కలిగినది. ఉత్తరమునకు ఏమని జవాబు వ్రాయవలెనో ఆ గుంటయొద్దనే నిశ్చయించుకొంటిని.

ఆ సాయంకాలము ఒక వృద్ధ నేతగాని యింటికి పోయితిమి. గుంటమగ్గముపై కూర్చుండి, కాళ్ళు గుంటలోనుంచి ఆయన పని చేయుచుండెను. మాటలలో 1921వ సంవత్సరపు కథ వచ్చినది.

చీరాల, పేరాల గ్రామములను కలిపి అప్పటి ప్రభుత్వము పురపాలక సంఘముగా మార్చెను. నాలుగువేల రూపాయలుండిన పన్ను నలుబదివేల వరకు పెరిగెను. పేద నేతగాండ్రు చెల్లింపమనిరి. కొందరు చెరసాలకు పోయిరి. వారిలో రావూరి అలమేలమ్మ యను స్త్రీయు గలదు. 1921 ఏప్రిల్ 6వ తేదీన గాంధిమహాత్ముడు చీరాల వచ్చి, శాంతముగా పన్ను నిరాకరించుటయో, ఊరినే విడిచిపోవుటయో మీకు గల మార్గములని చెప్పెను. ఊరు రెండవదానిని కోరుకొన్నది! ఎడింబరోలో ఎం.ఏ. చదివివచ్చిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకుడుగా, 15,000 జనములో సుమారు 13,000 మంది ఇండ్లకు తాళములు వేసి, వెలుపల రామనగరమని పేరు పెట్టుకొని పాకలలో కాపురముండిరి. ఎండకు ఎండి, వానకు తడిసి, ఇంచుమించు పదునొకండు నెలలు! నాయకుడు జైలుపాలైనాడు, ధనము చాలలేదు. తుదకు కోరిన కోరిక తీరకయే వెనుకకు వచ్చిరి.

“మా తాత మగ్గం విప్పి బండికెత్తాడట. పలకలు పోయాయి, పడుగు పోయింది. గుంటను ఎవరు మోసుకుపోతారయ్యా? అది ఇంట్లోనే ఉండిపోయింది” అని వృద్ధుడు తాను కూర్చున్న గుంటను చూపెను.

“అంత కష్టపడి ఓడిపోయినారు గదా!” అంటిని.

ఆయన నాడె నాపి నా మొగము చూచెను. “పన్ను సంగతి నాకు తెలియదు. పదమూడువేల మందిలో ఒక్కడు కూడా ఒంటరిగా పోలేదు, ఒంటరిగా రాలేదు. అది మాత్రం మా తాత చెప్పేవాడు” అని మరల పనిలో పడెను.

మరునాటి ఉదయము వాడరేవున సముద్రమును చూచితిని. పడవలను ఇసుకమీదికి ఈడ్చుచుండిరి. ఒక్కొక్క పడవకు పదిమంది భుజములు. ఎంతయో కాలముగా చూడగోరిన సముద్రము ఎదుటనుండగా, నా మనస్సు మాత్రము పొదిలి బస్సుల స్థలము చుట్టు తిరుగుచుండెను. మూటలతో, ప్లాస్టికు బిందెలతో అచ్చట నిలిచిన కుటుంబములు కనబడినవి. మావారును ఊరు విడుచుచునే యున్నారు. అయితే ఒక్కొక్క యిల్లు ఒక్కొక్క రాత్రి, ఎవరికిని చెప్పకుండ విడుచుచున్నది. వారి వెంట నాయకుడు లేడు, పాకలకు పేరు లేదు. ఐగుప్తునుండి బయలుదేరినవారు వెనుదిరిగి రాలేదు; చీరాలవారు కలిసి తిరిగివచ్చిరి; మావారు ఎప్పుడు వత్తురో, ఎందరు వత్తురో హాజరుపట్టీ కూడ చెప్పజాలదు.

సెలవుల పిమ్మట తరగతిలో అడుగుపెట్టితిని. నా ప్రయాణపు సంగతి ఎట్లో పొక్కియుండెను. ఎనిమిదవ తరగతి బాలుడొకడు లేచి, “సార్, మీరు గూడా వలస పోతుండారా?” అని అడిగెను. నేను దానిని ఉద్యోగపు మార్పు అనుకొనుచుంటిని. వాడు దానికి తగిన పేరు పెట్టెను.

రానని మిత్రునకు వ్రాసితిని. ఇందు నా గొప్ప యేమియు లేదు. వేసవిలో నీళ్ళ ట్యాంకరుకొరకు బిందె పట్టుకొని నిలుచునప్పుడు, ఆ దొరువు నీటి రుచి నాలుకమీదికి వచ్చి, తప్పు చేసితినేమో యని ఇప్పటికిని అనిపించును. కాని గుంట ఒకచోట నుండవలెను గదా! పలకలు మోసుకొనిపోయినవారు ఎప్పటికైనను తిరిగివచ్చినచో, కూర్చుండుటకు అది కావలెను.

ఆ బాలుడు ఫిబ్రవరిలో తల్లిదండ్రులతో హైదరాబాదు పోయినాడు. దినమును పట్టీలో వాని పేరు పిలుచుచునే యున్నాను.