నూజివీటి తోటలో నాన్ రొట్టె

కృష్ణా గోదావరుల నడుమ, కాలువలు పారు పల్లపు సీమకు ఎగువనున్న మెరకలో నూజివీడు వెలసియున్నది. ఎఱ్ఱనేల యగుటచే ఇచట వరిచేలకంటె మామిడి తోటలకే పేరు మెండు. ఈ పట్టణము చిరకాలము కృష్ణాజిల్లాలోనుండి, 2022 ఏప్రిలు నుండి ఏలూరు జిల్లాలో చేరినది. నూజివీడను పేరుగల రైలుస్టేషను ఊరికి దూరముగా హనుమాన్ జంక్షను చెంత నుండుటచే, మేము విజయవాడలో బస్సెక్కి నున్న, ఆగిరిపల్లి మీదుగా పోయితిమి. ఆగిరిపల్లిలో శోభనాచలస్వామి కొండకు దూరమునుండియే నమస్కరించి ముందుకు సాగినంతనే బాట కిరువైపుల మామిడిచెట్లు గొడుగులు పట్టినట్లు కానవచ్చినవి.

పాఠశాలకు వేసవి సెలవు లిచ్చినతోడనే, మా పెదతల్లి కుమార్తె యగు అక్కగారి తోటలో నాలుగుదినము లుండివత్తమని మేము బయలుదేరితిమి. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి మున్నగు జాతులన్నియు ఆ తోటలో కలవు. ఈ పండ్ల సంగతి మన సోదరీమణు లెఱిగినదే. అచట మేము చూచిన క్రొత్త సంగతి వేరొకటి. పూర్వము అన్నమే గాని ఎరుగని ఆ యింటిలో, రాత్రి భోజనమునకు మామిడి రసముతో నాన్ రొట్టెలు కాల్చుచున్నారు.

నాన్ అనునది పారసీక భాషలో రొట్టెకు సామాన్యనామము. మట్టితో చేసిన తందూరు పొయ్యి లోపలిగోడకు అంటించి దీనిని కాల్చుదురు. తెలుగు దేశమున దీనికి హైదరాబాదు ప్రసిద్ధి. అచటి పాతబస్తీలో పురానీ హవేలీ చెంత 1851లో నెలకొన్న మున్షీ నాన్ దుకాణము పేరు దేశమంతట తెలియును. అచటి రొట్టె నాలుగు మూలలు గలది గావున దానిని చార్ కోనీ నాన్ అందురు. అట్లని గోధుమరొట్టె మనకు బొత్తిగా పరాయిది కాదు. 12వ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజగు సోమేశ్వరుని పేర వెలసిన మానసోల్లాసమున, కాగిన మట్టిపెంకుపై కాల్చు గోధుమ మండకములు వర్ణింపబడినవి. మన కావ్యములలోని విందులందు మండెగలను మాట చూచినవారికి ఈ చుట్టరికము తెలియకపోదు.

అక్కగారి కోడలు హైదరాబాదు పాతబస్తీలో పెరిగిన పిల్ల. తందూరు లేని ఆ యింట ఇనుప పెనముమీదనే ఆమె నాన్ చేయు విధమును మేము దగ్గర కూర్చుండి గమనించితిమి. రెండు గ్లాసుల మైదాపిండిలో చెంచాడు చక్కెర, తగినంత ఉప్పు, పావుచెంచా వంటసోడా కలిపి, అరగ్లాసు పుల్లని పెరుగు, రెండు చెంచాల నూనె వేసి, గోరువెచ్చని నీటితో మెత్తగా తడిపినది. తడిగుడ్డ కప్పి రెండుగంటలు నాననిచ్చినది. పెరుగులోని పులుపు సోడాతో కలిసినపుడు పుట్టు గాలియే రొట్టెను గుల్లపరచును. పిండి నానకున్నచో ఒత్తినకొలదియు వెనుకకు ముడుచుకొనిపోవును.

ఈ పిండి ఎనిమిది ఉండలగును. ఉండను కోలగా ఒత్తి, ఒక వైపున చేతితో నీరు రాచి, ఆ తడివైపు క్రిందికి వచ్చునట్లు కాగిన పెనముపై వేయవలెను. తడిసిన పిండి వేడికి జిగురువలె పెనము నంటుకొనును. పైన బుడగలు లేచినంతనే పెనమును తలక్రిందులుగా త్రిప్పి, మంటకు జానెడెత్తున పట్టినచో రొట్టె ముఖము తందూరులో కాలినట్లే మచ్చలు దేరును. పిదప అట్లకాడతో ఊడదీసి వెన్న రాయవలెను. అంటుకొనని పూతగల పెనములు దీనికి పనికిరావు. త్రిప్పగనే రొట్టె నిప్పులో పడును.

రొట్టె రుచికి కొదువ లేదు. చిక్కంతయు వేరొకచోట నున్నది. ఆ యింట పదునొకండుగురము. తలకు రెండుచొప్పున ఇరువదిరెండు రొట్టెలు; ఒక్కొక్కటికి మూడునిమిషములు. గంటకు పైగా ఆ పిల్ల వేసవి రాత్రి పొయ్యియొద్ద నిలువబడి బరువైన పెనమును త్రిప్పుచుండెను. నాన్ వేడిలో దూదివలె నుండి, చల్లారినంతనే తోలువలె బిగియును. మొదటిరాత్రి అందరము వేడివేడిగా తిని లేచితిమి. ఆమెకు మిగిలినవి చల్లారిన రొట్టెలు రెండు.

ఆమె నొచ్చుకొనలేదు. మేము అడుగగా నవ్వుచు, “మా ఇంట్ల నాన్ ఎప్పుడూ చేయలేదు చిన్నత్తయ్యా! దుకాణం నుంచే తెచ్చేటోళ్లు. ఆ ఒక్క పూట అమ్మ కూడా మాతోపాటే కూసోని తినేది. అందుకే నాకు నాన్ అంటే అంత ఇష్టం” అన్నది.

ఈ మాట విన్న అక్కగారు చాలసేపు పలుకలేదు. మరునాటి సాయంకాలము ఆమెయే ఏర్పాటు మార్చినది. ఇద్దరేసి చొప్పున తినుట, తిన్నవారు లేచి పొయ్యియొద్దకు వచ్చుట. ఒత్తువారొకరు, పెనము త్రిప్పువారొకరు. బావగారు మొదట మొగమాటపడినను, పెనపు బరువు మగవాని మణికట్టుకే తగినదని అక్కగారనగా కాదనలేకపోయిరి. పిల్లలు చిన్నరసములను నీట నానవేసి, మెత్తగా పిసికి, తొడిమ త్రుంచి, మూతిని కాల్చు మొదటి సొనబొట్టును పారబోసి, గిన్నెలకొలది రసము పిండిరి. కోడలిని రెండవ వరుసలోనే అత్తగారి ప్రక్కన కూర్చుండబెట్టిరి. పెనముమీదినుండి దిగిన రొట్టెను చింపి రసములో ముంచి తినునపుడు ఆ పిల్ల మొగమున కనబడిన తృప్తి మేము మరువజాలము.

సోదరీమణులారా! దోసెలు, పూరీలు, పుల్కాలు, నాన్‌లు అన్నియు వేడిమీదనే తినదగినవి. వీనిని ఇంట చేయుట కష్టము కాదు. కాల్చునామె తినువేళ యేదో ముందుగా ఏర్పరుపకుండుటయే కష్టము. క్రొత్తవంటకము నేర్చుకొనునపుడు పిండికొలతలతోపాటు ఈ కొలతను గూడ నేర్చుకొందము. పొయ్యిదగ్గర నిలిచిన చేయి మారుచుండవలెను. తొలి వరుసలలో ఒక వేడిరొట్టె ఆమె విస్తరిలో పడవలెను. మామిడిపండ్ల కాలము ముగియకమునుపే మీ యిండ్లలో ఒక సాయంకాల మిట్లు చేసి చూడుడు.