కడియపులంకలో సిమెంటు కుండీలు

రాజమండ్రి దాటి కాలువ గట్టు వెంబడి కడియపులంక చేరేసరికి, ఇళ్ళకంటే ముందు మొక్కలే పలకరిస్తాయి. ధవళేశ్వరం నుంచి వచ్చే గోదావరి నీళ్ళు, లంకల ఒండ్రుమట్టి ఒకచోట కలిస్తే ఎండుకర్రయినా చిగురుస్తుందేమోననిపిస్తుంది. గులాబీలు, మందారాలు, మామిడి అంట్లు వేళ్ళకు మట్టిముద్దలతో లారీలెక్కి దూరప్రాంతాలకు పోతూవుంటాయి. వచ్చినవాళ్ళంతా పూలవంకే చూస్తారు. నేను మాత్రం ఒక తోట వెనక, తాటాకు పాకలో బోర్లించివున్న సిమెంటు కుండీల దగ్గర ఆగిపోయాను.

అక్కడి మేస్త్రీకి అరవై దాటివుంటాయి. పెద్ద ప్లాస్టిక్ బేసిను లోపల వాడేసిన ఇంజను నూనె పూశాడు. ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళు జల్లించిన ఇసుక కలిపి, నీళ్ళు మాత్రం పిసినారిలా పోశాడు. పిడికిట పడితే ముద్ద నిలవాలిట, వేళ్ళసందున కారకూడదుట. అడుగున రెండంగుళాల మందం పరిచి, నీరుపోయే కన్నం కోసం బొప్పాయికాడ ముక్క నిలబెట్టాడు. పైన ఇంకో చిన్న బేసిను పెట్టి, అది కదలకుండా ఇసుక పోసి, రెండింటి మధ్య సందులో ఇనపవల చుట్టి, సిమెంటు కూరాడు. ఇందులో మన పెరట్లో చేసుకోలేనిది ఏమీ లేదు. సిమెంటు చర్మాన్ని కొరుకుతుంది గనుక రబ్బరు తొడుగులు ఉండాలి, అంతే.

"ఈ వలెందుకండీ, మేస్త్రీగారూ?" అన్నాను.

"ఆయ్! అది లేపోతే ఎత్తేటప్పుడు అంచు చేతికొచ్చేత్తాదండి."

సరిగ్గా ఈ బాధతోనే పారిస్‌లో జోసెఫ్ మోనియే అనే తోటమాలి సిమెంటు తొట్లలో ఇనపవల పెట్టి, 1867లో పేటెంటు పుచ్చుకున్నాడు. ఇవాళ్టి మేడలకూ వంతెనలకూ ఉన్న పుట్టిళ్ళలో పూలతొట్టి ఒకటన్నమాట!

పాత తువ్వాలును సిమెంటు జావలో ముంచి, బకెట్టుమీద ఆరవేసి చేసిన కుండీలూ అక్కడున్నాయి. ఇప్పుడవే నాజూకట. నాకైతే తీగమీద మరిచిపోయిన బట్టల్లా కనిపించాయి.

సిమెంటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికది నీళ్ళు తాగి గట్టిపడుతుంది. మర్నాడు బేసిన్లు తీశాక తడిగోనె కప్పి, కనీసం వారంరోజులు నీడలో ఉంచాలి.

మేము మాట్లాడుతుండగానే ఒక గృహిణి చేతిసంచీలోంచి నాలుగు ఆకులు తీసి మేస్త్రీకి చూపించింది. పుట్టింటినుంచి తెచ్చుకున్న నూరువరహాల మొక్కట. తల్లి పోయాక ఆ ఇల్లు అమ్మేశారు, మిగిలింది ఇదొక్కటే. కుండీ తానే చేసి, గట్టిపడగానే నాటింది. ఆకులు పసుపుబారాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి.

"కుండీ సున్నం కక్కలేదమ్మా," అన్నాడాయన. కొత్త సిమెంటులోని సున్నం నీటితో మట్టిలోకి దిగుతుంది. అప్పుడు మట్టిలో ఇనుమున్నా ఇలాంటి మొక్కలకు అందదు. అందుకే నాటేముందు కుండీనిండా నీళ్ళుపోసి, రోజూ పారబోస్తూ పదిరోజులైనా ఉంచాలిట.

"బతుకుతుందా, బాబాయ్?"

మేస్త్రీ ఆకును వెలుతురుకెత్తి చూశాడు. "ఈనెల్లో పచ్చదనం ఉందిగా తల్లీ. ఇవాళే తీసి, కొత్త మట్టితో మట్టికుండీలోకి మార్చు. కొత్త చిగురొచ్చి అది పచ్చగా ఉంటే, ఇక బెంగలేదు."

ఆవిడ మట్టికుండీ ఒకటి బేరంకూడా ఆడకుండా కొని, బస్సుకోసం వడివడిగా రోడ్డెక్కింది.