కోఠీ పిల్లల బొమ్మ

మన ఇబ్రహీంపట్నంలో పొద్దున కోఠీ వైపు పోయే బస్సుల్లో మహిళా కాలేజీ ఆడపిల్లలు ఎప్పుడూ కనబడుతుంటారు. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుమీదున్న విశ్వవిద్యాలయం. అక్కడి పాత భవనం, ఆ ఎత్తైన స్తంభాలది, ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. ఆ తోటలో ఆడుకున్న ఇద్దరు పసివాళ్ళ బొమ్మ గురించి మీతో తీరిగ్గా మాట్లాడాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను.

భవనం కట్టించింది నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. హైదరాబాదు పెద్దింటి పిల్ల ఖైరున్నిసాను పెళ్ళాడి, ఆమె కోసం అదే ఆవరణలో రంగ్ మహల్ కట్టించాడు. వాళ్ళ కొడుకు సాహిబ్ ఆలం, కూతురు సాహిబ్ బేగం. 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండుకు పంపించాలని తండ్రి నిశ్చయించాడు. పిల్లాడికి నాలుగేళ్ళు, పాపకు మూడు. ఆ వయసు పిల్లల్ని నెలల తరబడి సముద్రం మీదికి పంపడమంటే ఆ తల్లి గుండె ఎలా తట్టుకుందో!

ఆమెకు గుర్తుగా మిగలాలని, ఓడ ఎక్కేముందు మద్రాసులో వాళ్ళ బొమ్మ వేయించారు. వేసినవాడు జార్జ్ చిన్నరీ, ఇంగ్లండు నుంచి వచ్చి అక్కడ పేరు తెచ్చుకుంటున్న చిత్రకారుడు.

బొమ్మ చూడండి. మెట్ల మీద, పెద్ద తెర ముందు నిలబడ్డారు ఇద్దరూ. ఒంటిమీద అచ్చంగా హైదరాబాదు దర్బారు దుస్తులు. పిల్లాడిది జరీ అంచు ఎర్ర జామా, తలమీద టోపీ, మెడలో ముత్యాలు. వాడు మనవైపు సూటిగా, బెదురు లేకుండా చూస్తాడు. పాప ఒక మెట్టు పైన నిలబడి అన్న భుజం మీద చెయ్యి వేసింది. చూపు కిందికి. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బినట్టే ఉంటాయి. పెద్దవాళ్ళ పిల్లల బొమ్మ కదా అని నవ్వు పూసేయొచ్చు. చిన్నరీ ఆ పని చెయ్యలేదు. అందుకే ఆయన వేసినవాటిలో నాకు ఇదే గొప్పది.

లండన్ చేరాక పిల్లలకు బాప్తిస్మం ఇచ్చి పేర్లు మార్చారు: విలియం జార్జ్, కేథరిన్ అరోరా. పాత పేర్లు పోయాయి, జామా పోయింది, తల్లి భాష పోయింది. ఓడ ఇంకా దారిలో ఉండగానే, 1805 అక్టోబరు 15న, కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. ఖైరున్నిసా బంధువుల ఆగ్రహానికి గురై కొన్నేళ్ళు మన మచిలీపట్నంలో తలదాచుకుంది. 1813లో, ముప్ఫై ఏళ్ళైనా నిండకుండా, హైదరాబాదులో కన్నుమూసింది. పిల్లల్ని మళ్ళీ చూడనే లేదు.

బొమ్మ మాత్రం హెన్రీ రస్సెల్ అనే అధికారి చేతికి చేరి, ఆయన వెంట ఇంగ్లండు వెళ్ళి, స్వాలోఫీల్డ్‌లో ఆయన ఇంటి గోడెక్కింది. ఏళ్ళ తరువాత, అందరూ కిట్టీ అని పిలిచే ఆ చెల్లెలు, నడివయసు ఇల్లాలిగా ఆ ఇంటికి వెళ్ళి దాన్ని చూసి భోరుమంది. రస్సెల్ తన తరువాత అది ఆమెకే చెందాలని వీలునామాలో రాశాడు. హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నిసా ఇంకా బతికే ఉందని తెలిసి కిట్టీ ఉత్తరం రాసింది. అమ్మమ్మ ఫారసీలో జవాబిచ్చింది, తాను దాచి ఉంచిన కూతురి తలవెంట్రుకల పాయ ఒకటి పంపించింది.

చిన్నరీ అప్పులవాళ్ళకు దొరక్కుండా కలకత్తా వదిలి మకావు పారిపోయాడు, 1852లో అక్కడే పోయాడు. ఆయన వేసిన ఆ పిల్లల బొమ్మ ఇప్పుడు మకావు పక్కనే, హాంకాంగులో ఒక బ్యాంకు సేకరణలో ఉంది. దాన్ని వెనక్కి రప్పించడం మనవల్ల అయ్యే పనేనా అన్నది వేరే మాట. దాని మంచి నకలు కోఠీ ఆవరణలో నిలువెత్తున ఉండాలని, అక్కడ చదువుకునే ఆడపిల్లలందరికీ ఈ అన్నాచెల్లెళ్ళ అసలు పేర్లు తెలియాలని నా కోరిక.