నక్షత్రం పన్నెండు

మే 1, 2024, రాయ్‌పూర్

ఇవాళ మేడే. కేబుల్ లాగే కుర్రాడు స్టీలు డబ్బాలో బాసీ తెచ్చాడు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తింటారు. "తినండి దీదీ, ఎండకు చలవ చేస్తుంది" అన్నాడు. మా పార్వతీపురంలో అమ్మ పెట్టే చద్దన్నమే. ఇద్దరం పంచుకుని తిన్నాం.

ఇంటర్నెట్ లైన్లు ఇచ్చే మా ఆఫీసు చేతిలో 38 మైక్రోటిక్ రౌటర్లున్నాయి. తాటిబంద్ నుంచి పండ్రి దాకా, ఒకటి మెట్ల కింద, ఇంకొకటి మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన. ఇన్నాళ్లూ వాటి సెట్టింగులు మార్చే విన్‌బాక్స్ ప్రోగ్రాం తెరిచి ఒక్కొక్కదాన్నీ చేత్తో మార్చేవాళ్లం. ఇప్పుడు 8728 పోర్టులోని ఏపీఐతో మాట్లాడే చిన్న పైథాన్ స్క్రిప్టు రాశాను. దాని పద్ధతి మీద నాకు ప్రేమ పుట్టింది. పంపే ప్రతి ముక్కా ఒక 'మాట', మాటలన్నీ కలిస్తే 'వాక్యం'. ప్రతి మాటకూ ముందు దాని పొడవు చెప్పాలి. 127 బైట్ల దాకా అయితే ఆ పొడవు ఒక్క బైటులో పట్టేస్తుంది. పొడవు సున్నా ఉన్న మాట వచ్చిందంటే వాక్యం అయిపోయినట్టు. జవాబులూ అంతే పొదుపు: వివరాలకు 'రీ', తప్పుకు 'ట్రాప్', ముగింపుకు 'డన్'.

మే 3, రాత్రి

చిన్న అపార్టుమెంట్ల ఉమ్మడి లైను వేగం 30 ఎంబీపీఎస్ నుంచి 50కి పెంచమన్నారు. ప్రతి రౌటర్‌లోనూ ఆ లైనుకు ఒకే పేరుతో క్యూ, అంటే వేగానికి హద్దు పెట్టే అంశం, ఉంది. ఆఫీసులోని పరీక్ష రౌటర్‌లో దాని గుర్తింపు సంఖ్య నక్షత్రం 12 (*12). ఆ సంఖ్యతోనే మార్పు అన్నింటికీ పంపాను. 38 'డన్'లు వచ్చాయి. నిమిషం కూడా పట్టలేదు.

మే 4

ఉదయం ఎనిమిదింటికి ఒక కోచింగ్ సెంటర్ నుంచి ఫోను. రేపే నీట్ పరీక్ష. పిల్లలు ఆఖరి రివిజన్ క్లాసు చూస్తుంటే వీడియో ఆగి ఆగి వస్తోందట. 100 ఉండాల్సిన వాళ్ల లైను 50కి పడిపోయింది. పడేసింది నేనే.

ముందు వాళ్ల లైను సరిచేసి, తర్వాత కూర్చుని చూశాను. ఆ నక్షత్రం సంఖ్య ఏ రౌటర్‌కు ఆ రౌటర్ సొంతంగా వేసుకునేది. ఒకే వరసలో సెట్ చేసిన 25 రౌటర్లలో అది సరిపోయింది. నాలుగింటిలో 12 వేరే కస్టమర్‌ది. మిగిలిన తొమ్మిదింటిలో ఆ సంఖ్యే లేదు. ఆ తొమ్మిదీ అలాంటి అంశం లేదని 'ట్రాప్'తో చెప్పాయి కూడా. ట్రాప్ తర్వాత కూడా 'డన్' వస్తుంది. డన్ అంటే జవాబు పూర్తయిందనే తప్ప పని జరిగిందని కాదు. నా స్క్రిప్టు డన్ ఒక్కదాన్నే చూసింది.

మిగతా మూడు లైన్ల పాత వేగాలు నేనెక్కడా దాచలేదు. బిల్లు పుస్తకం తిరగేసి వెతికి పెట్టాను. సాయంత్రం సెంటర్‌కు వెళ్లి, తప్పు నాదేనని అక్కడి సార్‌కు చెప్పాను. వెనక బెంచీలో ఒకమ్మాయి తలెత్తకుండా నోట్సు రాసుకుంటోంది. ఆ పిల్ల ఉదయం ఎంత పాఠం పోగొట్టుకుందో అడగడానికి నోరు రాలేదు.

మే 5

ఆదివారం. రోజంతా కోడే. సొంతంగా రాసింది పక్కన పెట్టి లైబ్‌రౌటర్‌ఓఎస్ తీసుకున్నాను. చిన్న లైబ్రరీ, పొడవుల లెక్కంతా అదే చూసుకుంటుంది. నాకు కావలసింది ఇంకొకటి: ట్రాప్ వస్తే అది ఎర్రర్ లేపుతుంది, ప్రోగ్రాం అక్కడే ఆగుతుంది. ఇక క్యూను పేరుతో వెతికి, సంఖ్య ఆ రౌటర్‌నే అడగాలి. పాత విలువ ఫైల్లో రాయాలి, మార్చాలి, మళ్లీ చదివి పోల్చాలి. టెర్మినల్‌లో అయితే సేఫ్ మోడ్ ఉంది, కంట్రోల్ ఎక్స్ నొక్కి పనిచేస్తే కనెక్షన్ తెగినా మార్పులు వెనక్కి పోతాయి. నా స్క్రిప్టుకు ఆ రక్షణ నేనే కట్టాలి.

పనిలో పనిగా పోర్టును టీఎల్‌ఎస్ ఉన్న 8729కి మార్చాను. స్క్రిప్టుకు వేరే యూజర్, చదవడం, రాయడం, ఏపీఐ, అంతే. మా ఆఫీసు అడ్రసు నుంచి తప్ప తలుపు తెరవదు. 2018లో విన్‌బాక్స్‌లో బయటపడిన లోపానికి ఏప్రిల్‌లోనే సవరణ వచ్చింది. వేసుకోనివాళ్ల రౌటర్లు ఆ తర్వాత కూడా దొంగల చేతిలో పడి, కొన్నాళ్లకు క్రిప్టో నాణేల తవ్వకానికి పనిచేశాయి. బ్రెజిల్‌లో ఆ దెబ్బ గట్టిగా తగిలింది. అది మన వీధిలోనూ జరగొచ్చన్న భయం నాకుంది.

రాత్రి అమ్మ ఫోను. "ఏటే, తిన్నావా?" తిన్నానన్నాను. తినలేదు.

మే 7

రాయ్‌పూర్‌లో పోలింగు. ఓటేసొచ్చాను. ఇవాళ ఏ రౌటర్‌నూ ముట్టుకోలేదు. మా పార్వతీపురంలో 13న.

మే 8

కొత్త స్క్రిప్టును 38 రౌటర్లకూ నడిపాను. 25 ముందే 50లో ఉన్నాయి, వాటిని వదిలేసింది. పన్నెండు మారాయి. తాటిబంద్‌లోది పలకలేదు. అక్కడ కరెంటు లేదట. స్క్రిప్టు దాని పేరు విడిగా రాసిపెట్టింది.

రాత్రి 9:40కి పలికింది. చదివాను: 30. మార్చాను. మళ్లీ చదివాను: 50. పండ్రిలో కోచింగ్ సెంటర్ లైను కూడా తెరిచి చూశాను. 100.