సెల్మా అడిగిన ప్రశ్న

గత వేసవి సెలవులలో, రాత్రి భోజనములై పిల్లలు నిద్రించిన పిమ్మట, మావారు దినమునకొక అంకము చొప్పున ఒక ప్రహసనమును మాకు చదివి చెప్పిరి. మావారు బడిపంతులు. మేము బడికి పోయి చదివినవారము కాము. మా నాయనగారు ఇంటనే కూర్చుండబెట్టి అమరమును, రఘువంశమును, భారతములో కొన్ని పర్వములను, రెండు మూడు సంస్కృత నాటకములను చెప్పిరి. ఇంగ్లీషు పుస్తకమును స్వయముగా చదువుకొను శక్తి మాకు చాలదు. అందుచేత వారు చదివి తెలుగున చెప్పుటయు, మేము బియ్యము ఏరుకొనుచునో బట్టలు కుట్టుకొనుచునో వినుటయు మా యింట అలవాటు.

ఆ నాటకము పేరు ‘యువజన సంఘము’. నార్వే దేశీయుడగు హెన్రిక్ ఇబ్సెన్ దానిని 1869లో ప్రకటించెను. పుస్తకము తెరచుటకు ముందు, ‘ఇందులో అన్నియు ఎన్నికలు, పార్టీలు, ఉపన్యాసములు. నీకు రుచించునో లేదో’ అని మావారు నవ్విరి. ఆడువారికి రాజకీయములు రుచింపవని తలచుట మగవారికి సహజము. రుచింపవని ఒప్పుకొనుట మాకును సుఖమే. ఆ సుఖమునకు మేమెంత వెల యిచ్చితిమో చెప్పుటకే ఈ వ్యాసము.

కథ యిది. మే నెల 17వ తేది నార్వేవారికి జాతీయ పర్వదినము. 1814లో ఆ దినముననే వారి రాజ్యాంగము వెలసినది. ఆ పండుగనాడు, మన జమీందారులవంటి గొప్ప యింటివాడగు బ్రాట్స్‌బర్గుగారి తోటలో ఊరివారందరు కూడియుందురు. ఊరికి క్రొత్తగా వచ్చిన స్టెన్స్‌గార్డ్ అను యువ న్యాయవాదికి, ఆ పెద్దమనిషి తన్ను ఆదరింపలేదను రోషము కలదు. ఆ రోషము లోపల మండుచుండగా అతడు బల్లయెక్కి ధనమదమును, వంశగర్వమును దూషించి, యువకులందరు ఏకము కావలెనని ఉపన్యసించి, ఆ రాత్రియే యొక సంఘమును స్థాపించును. ఇక నవ్వునకు మొదలు చూడుడు. పెద్దమనిషిగారు ఆ తిట్లు తన్నుగూర్చినవని యెరుగక, తనకు గిట్టని మాన్సెన్ అను మరియొక ధనికుని గూర్చినవని తలంచి, మిక్కిలి సంతసించి, ఆ యువకుని విందునకు పిలుచును! విందునకు పోయినవాడు ఆ యింటి మర్యాదను, నాజూకును చూచి కరగిపోయి, నిన్న తాను తిట్టిన వర్గమే లోకమున ఉత్తమమైనదని నమ్మును. నిజము తెలిసి వారు తలుపు మూసినంతనే మరల సింహనాదము చేయును.

ఎన్నికలలో నిలుచుటకు ఆస్తియుండవలెను. ఆస్తికి వివాహము దగ్గరి దారి. కావున గాలి యెటు వీచిన అటు తిరుగుచు, అతడు బ్రాట్స్‌బర్గుగారి కుమార్తె థోరాను, మాన్సెన్ కుమార్తె రాగ్నాను, ఆ యూర హోటలు నడుపుకొను రుండ్‌హోల్మెన్ అను వితంతువును వరుసగా వరింపజూచును. తుదియంకమున మువ్వురికిని వేరు వరులు కుదురుదురు. మన వీరుడు ఒంటరిగా జారుకొనును. మేము నవ్విన నవ్వునకు పిల్లలు నిద్రలో కదలిరి. కాని ఊరి రాజకీయములలో తల పండిన లుండెస్టాడ్ అను రైతు అప్పుడొక జోస్యము చెప్పును. పది పదునైదేండ్లలో ఈ పిల్లవాడు శాసనసభలోనో మంత్రిపదవిలోనో కూర్చుండునట! అది విన్నపుడు నవ్వు ఆగినది.

గిరీశమును ఎరిగిన తెలుగువారికి స్టెన్స్‌గార్డ్ క్రొత్తవాడు కాడు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. గిరీశము నోట సంఘసంస్కారము, కంట పూటకూళ్ళమ్మ పెట్టు భోజనము. ఇతని నోట స్వాతంత్ర్యము, కంట హోటలమ్మ ఆస్తి. అయితే మావారొక భేదమును చూపిరి. గిరీశమునకు తాను కోయునవి కోతలని తెలియును. స్టెన్స్‌గార్డ్ తాను చెప్పు ప్రతిమాటను, చెప్పునంతసేపు, నిజముగా నమ్మును. అట్టివాడే యెక్కువ అపాయకరుడని మాకు తోచినది.

ఈ నాటకమున ఒక్క స్టెన్స్‌గార్డునే కాదు, ఎవ్వరిని వదలలేదు. వృద్ధునకు వంశగౌరవమే ఆదర్శము. ఆ గౌరవము చాటున తన యింటిలోని పగుళ్ళు ఆయనకు కనబడవు. లుండెస్టాడునకు ఊరి పెత్తనము చేజారకుండుటయే ఆదర్శము. అచ్చుకూటపు ఆస్లాక్సెనునకు పత్రిక నిలుచుటయే ఆదర్శము. 1869 అక్టోబరులో క్రిస్టియానియా నగరమున — నేటి ఆస్లోలో — దీనిని ప్రదర్శించినపుడు, తమ్మే వెక్కిరించినాడని ఉదారపక్షమువారు ఈలలు వేసి అల్లరి చేసిరట. ఆ సమయమున ఇబ్సెన్ సూయజ్ కాలువ ప్రారంభోత్సవమును చూచుటకై ఐగుప్తునకు పోయియుండెను. అల్లరివార్త అచ్చటనే ఆయనకు అందినది.

మూడవ అంకము చదివిన రాత్రి మాత్రము మావారు ఏలనో తొందరపడిరి. ఆ అంకమున బ్రాట్స్‌బర్గుగారి కుమారుడు ఎరిక్ వ్యాపారములో మునిగి సర్వము పోగొట్టుకొనినట్లు బయటపడును. అతని భార్య సెల్మా. ‘ఇక్కడ భార్యాభర్తలకు కొంచెము వాగ్వాదము జరుగును’ అని రెండు మాటలలో ముగించి వారు పుస్తకము మూసిరి. దీపము చాలలేదనుకొని మేమును ఊరకుంటిమి.

నాటకము ముగిసిన నాలుగవనాడు, మావారు ఇంట లేనివేళ, తపాలావాడొక రిజిస్టరు ఉత్తరమును తెచ్చెను. అది వకీలు నోటీసు. మావారి చిన్ననాటి స్నేహితు డొకరు పొరుగూర ఉన్నారు. అచ్చటి సర్పంచి స్థానము ఆడువారికి కేటాయింపబడగా, ఆయన తన భార్యను నిలబెట్టిరి. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండ జరుగవలెనని నియమము. గుర్తులు లేకపోయినను పార్టీలు లేకపోవునా? ఇరుప్రక్కల పార్టీలవారు దిగిరి, ఖర్చు పెరిగినది. స్నేహితుడు రెండు లక్షల రూపాయలకు ప్రామిసరీ నోటు వ్రాసియిచ్చెను. మావారు దానిపై హామీ సంతకము చేసిరి. ఆయన భార్య ఓడిపోయెను. అప్పు తీరలేదు. ఇచ్చినవాడు ఇరువురను కోర్టుకు లాగెదనని వ్రాసినాడు. సంతకము చేసి అప్పటికి ఏడాదిన్నర. ఆ యేడాదిన్నరలో ఆ స్నేహితుడు మా యింట ఎన్నిసార్లు భోజనము చేసెనో! మేమే వడ్డించితిమి.

మావారు సాయంకాలము వచ్చిరి. కాగితము బల్లపై నుంచి మేమేమియు అనలేదు. వారు చూచి చాలసేపు తల వంచుకొని కూర్చుండి, ‘నీకు చెప్పి నీ మనసు కష్టపెట్టుట యెందుకని చెప్పలేదు’ అనిరి. అప్పుడు మాకు మూడవ అంకము జ్ఞప్తికి వచ్చినది. ‘సెల్మా ఏమన్నదో ఆ రాత్రి మీరు పూర్తిగా చదువలేదు. ఇప్పుడు చదువుడు’ అని అడిగితిమి. వారు మారుపలుకక పుస్తకము తెచ్చిరి. గొంతు రెండుమార్లు ఆగినను, ఈసారి ఒక్కమాటయు విడువలేదు.

సెల్మా చెప్పినదాని సారమిది. ఇంటిలో ఎవరికేది కష్టమయినను తన చెవిని వేయరు. మీ చింతలలో ఒక చుక్కయైన నాకు పంచుడని ఆమె వేడినపుడు, నవ్వులాటగా త్రోసివేసిరి. బొమ్మకువలె చక్కని బట్టలు తొడిగి, పసిపిల్లతో ఆడుకొనునట్లు ఆడుకొనిరి. ఇప్పుడు ఇల్లు మునిగిన పిమ్మట, ‘రమ్ము, కలిసి మోయుదము’ అని పిలుచుచున్నారు. ఇంతకాలము పనికిరాని నేను ఇప్పుడు మాత్రము పనికివచ్చితినా? మీ దుఃఖములో పాలు నా కక్కరలేదు, పోయెదనని ఆమె తిరుగబడును.

సభలో అందరు స్వాతంత్ర్యమును, సమానత్వమును గూర్చి గొంతెత్తి పలికిన ఆ నాటకములో, ఆ మాటల కర్థమేమని నిజముగా అడిగినది ఈ యొక్క కోడలు. ఆమెకు వోటు లేదు. నార్వేలో ఆడువారందరికి వోటు వచ్చినది 1913లో. ఏ సంఘములోను ఆమె పేరు లేదు. మగవారి ఎత్తులు, పైఎత్తుల నడుమ ఆమె పలికినది ఒక్క క్షణము. నవ్వించుటకు వ్రాసిన ఐదంకములలో మాకు కన్నీరు తెప్పించినది ఆ క్షణమే.

మావారు తమ పక్షమున ‘ముద్రారాక్షసము’ను తెచ్చిరి. విశాఖదత్తుని ఆ నాటకమంతయు రాజనీతియే. అందు చందనదాసుడను రత్నవర్తకుడు స్నేహితుని కుటుంబమును కాపాడుటకై వధ్యస్థానమునకు నడచును. ‘స్నేహితునకై ప్రాణమిచ్చినవానిని మెచ్చుకొనుచు, సంతకము చేసినవానిని తప్పుపట్టుదువా?’ అనిరి. మంచి ప్రశ్నయే. కాని ఆ నాటకము మాకు మా నాయనగారు చెప్పినదే. ‘చందనదాసుని భార్య కుమారునితోగూడ ఆ వధ్యస్థానమునకు వచ్చును. భర్త దేనికై చనిపోవుచున్నాడో ఆమెకు తెలియును. తెలిసి వెంట నడువ నిశ్చయించును. మీరు సంతకము చేసినందుకు మాకు కోపము లేదు. మీరడిగియుండిన యెడల మేమును సరేయని యుందుమేమో! అడుగకుండుటయే మా దుఃఖము’ అని చెప్పితిమి. వారు బదులు చెప్పలేదు. కొంతసేపటికి, ‘బడిలో పిల్లలకు పౌరధర్మములు చెప్పుచున్నాను. ఇంటికి వచ్చి మరచితిని’ అనిరి.

తప్పంతయు వారిదేయని వ్రాసిన యెడల అది అర్ధసత్యమగును. పెండ్లియైన క్రొత్తలో వారు నెలజీతము లెక్క చూపబోయినపుడు, ‘ఆ గొడవలు మాకెందుకు? మీరే చూచుకొనుడు’ అని లేచిపోయినది మేమే. సెల్మా వేడినను ఆమెకు చెప్పలేదు. మేము చెప్పవచ్చినను వినలేదు. బొమ్మగా నుంచువారు కొందరైన, బొమ్మగా నుండుటయే హాయియని కూర్చుండువారమును కొందరము కలము.

సెల్మావలె పోయెదమని మేమనలేదు. పోవలసినంత అన్యాయమును మాకు జరుగలేదు. స్నేహితుడు కొంత పొలమమ్మి సగమప్పు తీర్చెను. మిగిలిన లక్షకు మా నాలుగు గాజులను అమ్మి కొంత యిచ్చి, తక్కినది నెలనెలకు కట్టుచున్నాము. గాజులు మేమే తీసియిచ్చితిమి. కాని పతివ్రతా త్యాగమని దానిని పొగడవలదని ముందుగనే చెప్పితిమి. అప్పులో పాలు పంచుకొన్నవారము నిర్ణయములోను పాలు పంచుకొందుము. ఇకమీదట ఇంటిలో ఏ కాగితముపైనను ఇరువురము చదువక సంతకము జరుగరాదు. ఒకటవ తేదీ రాత్రి లెక్కల పుస్తకము మా యెదుట తెరువబడును. మొదటి నెల మాకు నిద్ర వచ్చినమాట నిజము. ఇప్పుడు వడ్డీ లెక్క మావారికంటె మేమే త్వరగా వేయుచున్నాము.

తరువాత ఒకనాడు స్నేహితుని భార్య మా యింటికి వచ్చినది. ఊరంతట ఆమె బొమ్మ అంటించిరి. ఉపన్యాసములన్నియు భర్తయే చేసెను. ‘అక్కయ్యా, నా పేర వోట్లడిగిరి గాని, అప్పు తెచ్చిన సంగతి నాకును నోటీసు వచ్చువరకు తెలియదు’ అని యేడ్చినది. గ్రామపాలనలో ఆడువారికి మూడవవంతుకు తక్కువ గాకుండ స్థానములుండవలెనని 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణము చెప్పుచున్నది. స్థానమును చట్టము ఈయగలదు. ఆ స్థానమున కూర్చుండవలసినదానికి ఇంటిలెక్క చెప్పుమని భర్తను ఏ చట్టము ఆజ్ఞాపించును? ఆమెకు మేము సెల్మా కథ చెప్పితిమి. కన్నులు తుడుచుకొని, ‘ఆవిడ తరువాత ఏమైనది?’ అని అడిగినది.

నాటకమున కుటుంబమంతయు తుదకు కలిసికొనును. సెల్మా ప్రశ్నకు మాత్రము సరియైన జవాబు దొరకదు. ఆమె పాత్రయే ఒక నాటకమునకు చాలునని గేఓర్గ్ బ్రాండెస్ అను విమర్శకుడు అప్పుడే సూచించెనట. పదేండ్లకు, 1879లో, ఇబ్సెన్ ‘బొమ్మరిల్లు’ వ్రాసెను. అందలి నోరా తలుపు మూసికొని వెడలిపోయిన సంగతి లోకమంతయు ఎరుగును. ఆ తలుపు చప్పుడునకు పదేండ్ల ముందే, ఎన్నికల గోలలో ఒక కోడలు మెల్లగా పలికిన మాట ఎవరికి వినబడినదో!

సోదరీమణులారా! ఎన్నికలు వచ్చును, పోవును. స్టెన్స్‌గార్డులు అన్ని పార్టీలలోను కలరు. వారిని చూచి నవ్వుదము. కాని గొప్ప ఆదర్శమును పలుకు నోరు మన యింటిదయినపుడు, ఆ ఆదర్శము గుమ్మము దాటి లోపలికి వచ్చినదా యని ఒకమారు అడుగుదము. అడుగుటకు ముందు, వినుటకు మనము సిద్ధముగా నున్నామా యని మనలను మనమును అడుగుకొందము. ఈ నెల లెక్కలు చూచుటకు మావారు పిలుచుచున్నారు. కలము నిలిపి లేచుచున్నాము.